అర్ధరాత్రి పూల బజారులో...

“బ్యాంకాకా! మీ వారు వెళ్తున్నారా?” అంది పక్కింటి వదిన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

“ఆయన కాదు వదినా, నేనూ మా అమ్మాయీ” అన్నాను.

వదిన నవ్వు టక్కున ఆగిపోయింది. “మీరా? అక్కడ ఆడవాళ్ళు చూసేదేముంది?” అంది.

నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. మీరు కూడా ఇప్పుడు అదే అనుకుంటూ ఉంటారు. బ్యాంకాక్ అనగానే మన వైపు మగవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని ముసిముసిగా నవ్వుకుంటారు కదా. అలాంటి ఊళ్ళో నేను నాలుగు రాత్రులు తిరిగి వచ్చాను. ఏం చూశానో, ఏం తిన్నానో, ఎక్కడ తప్పిపోయానో మీకు చెప్పాలనే ఈ కలం పట్టాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది రాజమండ్రి. ఇంటర్ పాసైన ఏడాదే పెళ్ళయింది. మా వారికి స్టీలు సామాన్ల కొట్టుంది. దీపాలు పెట్టాక ఆడది గుమ్మం దాటకూడదనేది మా అత్తగారి మాట. ఆవిడ పోయి పదేళ్ళయినా ఆ మాట మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. రాత్రి తొమ్మిదింటికి గేటుకి తాళం వేసేది నేనే. పెళ్ళిళ్ళకీ, పుష్కరాలకీ, ఆస్పత్రికీ తప్ప రాత్రిపూట వీధి ఎలా ఉంటుందో ఎరగనంటే నమ్ముతారా?

2022లో మా అమ్మాయి చదువు పూర్తవగానే హైదరాబాదులో రెండు ఉద్యోగాలొచ్చాయి. ఒకటి పగలు, ఒకటి రాత్రి. రాత్రి ఉద్యోగానికి నెలకు ఎనిమిది వేలు ఎక్కువ. పని కూడా దానికి నచ్చిందే. నేను వీల్లేదన్నాను. ఏడ్చాను. రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు అది “సరేలే అమ్మా” అని పగటి ఉద్యోగంలో చేరింది. నేను గెలిచాననుకున్నాను. అప్పట్నుంచీ అది రోజూ ఫోన్ చేస్తూనే ఉంది, ఏం తిన్నదో చెబుతూనే ఉంది. ఆఫీసు సంగతులు మాత్రం చెప్పడం మానేసింది. నేనూ అడగలేదు.

అలాంటిది 2024 డిసెంబరులో తన జీతం దాచుకుని నాకూ తనకూ బ్యాంకాక్ టిక్కెట్లు కొనేసింది. “వీసా అక్కర్లేదమ్మా, నాలుగు గంటలైనా పట్టదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నువ్వు హైదరాబాదు రావడానికి పట్టేదాంట్లో సగం కూడా కాదు” అంది. మా వారు కొట్టు వదిలి రానన్నారు. మేమిద్దరం బయల్దేరాం.

అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. మేం దిగింది సిలోమ్ అనే పేటలో. మొదటి సాయంత్రం మా అమ్మాయి నన్ను తిన్నగా మారియమ్మన్ గుడికి తీసుకెళ్ళింది. తమిళులు 19వ శతాబ్దంలో కట్టుకున్న గుడి అది. మన గుడిలాగే గోపురమూ, పసుపూ కుంకుమా, కొబ్బరికాయా. కానీ దణ్ణం పెట్టుకునేవాళ్ళలో సగం మందికి పైగా అక్కడి థాయ్ వాళ్ళే! అమ్మవారిని చూశాక నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది.

అదే రోడ్డు మీద నడుచుకుంటూ వెళ్తే పట్‌పాంగ్ అనే సందు వస్తుంది. నడుమ చొక్కాలూ వాచీలూ అమ్మే రాత్రి బజారు, రెండు వైపులా ఎర్ర దీపాల బార్లు. మన మగవాళ్ళు నవ్వుకునే బ్యాంకాక్ ఇలాంటి సందులే కాబోలు. గుమ్మంలో నిలబడ్డ ఒక పిల్ల చెప్పు విప్పి, కాలు నొప్పేమో, పాదం ఒత్తుకుంటోంది. మా అమ్మాయి కంటే రెండేళ్ళు చిన్నదేమో. ఆ పాదం చూశాక నాకు అసహ్యం వెయ్యలేదు, నవ్వూ రాలేదు. “పదమ్మా” అంది మా అమ్మాయి. వచ్చేశాం.

ఇక రెండో రాత్రి. అసలు బ్యాంకాక్ ఆ రోజే మొదలైందనుకోండి. అక్కడి మెట్రో రైలు భూమి లోపల నడుస్తుంది. 2019లో పాతబస్తీ దాకా పొడిగించారు. సిలోమ్‌లో ఎక్కి వాట్ మాంగ్‌కాన్‌లో దిగితే నాలుగడుగుల్లో యావరాత్ రోడ్డు, అంటే చైనావాళ్ళ పేట. పగలంతా బంగారం కొట్ల రోడ్డట. పొద్దు వాలేసరికి పేవ్‌మెంట్లన్నీ వంటిళ్ళయిపోతాయి! నిలువెత్తు నియాన్ బోర్డులు, వాటికింద పొయ్యిలు, మూకుళ్ళు, ప్లాస్టిక్ స్టూళ్ళు. మంట మూకుడు మీదికి లేస్తుంటే నాకు గుండె ఝల్లుమంది, ఆ వండేవాళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు.

ఇంకో సంగతి గమనించాను. ఆ బండ్ల దగ్గర చాలామంది ఆడవాళ్ళే. తరిగేది ఆడవాళ్ళే, వండేది ఆడవాళ్ళే, డబ్బు లెక్క పెట్టుకుని నడుముకి కట్టుకున్న సంచీలో వేసుకునేదీ వాళ్ళే. నా వయసువాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు. రాత్రి పదకొండు దాటింది. ఒక్కళ్ళ మొహంలోనూ ‘అమ్మో, పొద్దుపోయింది’ అన్న కంగారు లేదు!

నేను శాకాహారిని. అక్కడ తిండి దొరుకుతుందా అని మీరడగబోతున్నారు కదూ! దొరుకుతుంది గానీ కళ్ళు తెరుచుకుని వెతుక్కోవాలి. పసుపు పచ్చ జెండా మీద ఎర్రటి రెండు అక్షరాలుంటే అది ‘జే’ కొట్టు. మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లీ వెల్లుల్లీ కూడా వెయ్యరు. మామూలు కొట్లలో కూరగాయలే వండినా చేపల పులుసునీళ్ళు చిలకరిస్తారు, దాన్ని ‘నామ్ ప్లా’ అంటారు. అది వద్దంటే ‘మాయ్ సై నామ్ ప్లా’ అనాలి. చివర్న ‘ఖా’ అని చేర్చడం మర్చిపోకండి. ఆడవాళ్ళు మర్యాదకి ప్రతి మాట చివరా ‘ఖా’ అంటారు. మన గోదావరి జిల్లాల ‘అండి’ లాంటిదన్నమాట! ఆ ఒక్క ముక్కా నేర్చుకున్నాక నాకు అందరూ చుట్టాల్లాగే కనిపించారు.

బొప్పాయికాయ తురిమి, పచ్చిమిర్చి, వేరుశనగపప్పు, తాటిబెల్లం, నిమ్మరసం వేసి రోట్లో దంచుతుంటే ఆ టకటక చప్పుడికి మా అమ్మ రోటిపచ్చడి గుర్తొచ్చింది. జిగురు బియ్యం ఆవిరి మీద ఉడికించి, పంచదార, ఉప్పు కలిపిన కొబ్బరిపాలు పట్టించి, పక్కన మామిడిపండు ముక్కలు పెట్టిస్తారు. పరమాన్నంలో మామిడిపండు నంజుకోవడమేమిటని మొదట మొహం తిప్పుకున్నాను. తరవాత మా అమ్మాయి ప్లేటు కూడా నేనే ఖాళీ చేశాను.

అన్నిటికంటే ఆశ్చర్యం ‘ఖనోమ్ క్రోక్’. అచ్చం మన గుంట పొంగణాల పెనమే! ఇంటికొచ్చాక నేను చేసి చూశాను, బాగా కుదిరాయి. ఒక కప్పు బియ్యప్పిండి, రెండు కప్పుల పల్చటి కొబ్బరిపాలు, ఒక చెంచా పంచదార, చిటికెడు ఉప్పు కలిపి, నూనె రాసిన గుంటల్లో ముప్పాతిక వంతు పొయ్యండి. అంచులు గట్టిపడ్డాక, కొంచెం పంచదార కలిపిన చిక్కటి కొబ్బరిపాలు ఒక్కో చెంచా పైన పోసి, ఉల్లికాడల తరుగు చల్లి మూత పెట్టండి. మంట సన్నగా ఉండాలి. తిరగెయ్యకూడదు. తీశాక రెండేసి సగాలు ఒకదాని మీద ఒకటి మూసి పెడితే చాలు. అడుగు కరకర, లోపల మెత్తన. మా వారు మాట్లాడకుండా పదహారు తిన్నారు.

మూడో రాత్రి బట్టల బజారు. రాచడా అనే చోట వెనక రైలు మార్కెట్ అని పెద్ద రాత్రి బజారు ఉండేదట. 2021లో అది మూతపడితే, అదే చోట 2022లో కొత్తది తెరిచారు. వరసగా రంగురంగుల గుడారాలు, బట్టలు, చెప్పులు, గోళ్ళ రంగులు. బేరమాడొచ్చు. భాష అక్కర్లేదు, కాలిక్యులేటర్ చేతికిస్తారు. వాళ్ళొక అంకె కొడితే మనం ఒక అంకె కొట్టడమే! నేను మూడొందలది నూట ఎనభైకి తెచ్చాను. (బాత్‌లు సుమండీ. మేం వెళ్ళినప్పుడు ఒక బాత్ మనకి రెండున్నర రూపాయలు.) తిండి దగ్గర మాత్రం బేరం లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, మేం వెళ్ళిన బజార్లలో డబ్బు కట్టి వాడే మరుగుదొడ్లున్నాయి, శుభ్రంగానే ఉన్నాయి. చిల్లర నాణాలు దగ్గరుంచుకోండి.

నాలుగో రాత్రి పూల బజారుకి వెళ్ళాం. దాన్ని ‘పాక్ ఖ్లాంగ్ తలాత్’ అంటారు. కాలవ మొగ దగ్గరి సంత అని అర్థం. చావో ఫ్రాయా నది ఒడ్డున, సనామ్ చాయ్ మెట్రో స్టేషనుకి దగ్గర్లోనే ఉంది. ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది. కానీ తోటల నుంచి లారీలు దిగేది రాత్రిళ్ళే, అందుకని అసలు సందడి అర్ధరాత్రప్పుడే. మన కడియపులంక పూల సంతని పది రెట్లు చేసి, దీపాలు పెట్టినట్టుంది! బంతిపూలు బస్తాలకి బస్తాలు. తామర మొగ్గలు కట్టలు కట్టలు. ఆర్కిడ్లు. అన్నిటికీ మించి మల్లెలు, మంచుముక్కలతో కలిపి సంచుల్లో. మల్లెని వాళ్ళు ‘మలి’ అంటారు. దండని ‘మాలై’ అంటారు. వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇంకా ఒక దుకాణంలో జిల్లేడు పువ్వులు, అవునండీ, మన వినాయకుడి జిల్లేడే! దాని పేరు ‘రక్’. వాళ్ళ భాషలో ప్రేమకీ అదే మాటట, అందుకని పెళ్ళి దండల్లో కూడా వేస్తారట.

ఆ జిల్లేడు పువ్వులు చూస్తూ నిలబడిపోయాను. తల తిప్పేసరికి మా అమ్మాయి లేదు.

అటు చూశాను, ఇటు చూశాను. తోపుడుబండ్లు, బుట్టలు, మనుషులు. అన్ని సందులూ ఒకేలా ఉన్నాయి. నా ఫోన్లో అక్కడి సిమ్ లేదు. ‘ఇద్దరికీ ఒకటి చాలులే, డబ్బు దండగ’ అన్నది నేనే. టైము ఒంటిగంట కావస్తోంది. భాష రాని దేశంలో, అర్ధరాత్రి, ఒక్కదాన్నే. నా కాళ్ళు నిజంగానే వణికాయి.

ఎదురుగా ఒకావిడ దండలు గుచ్చుతోంది. యాభై ఏళ్ళుంటాయేమో. నా మొహం చూసి ఏమనుకుందో, చేతిలో సూది కింద పెట్టి, ప్లాస్టిక్ స్టూలు లాగి కూచోమంది. మంచినీళ్ళ సీసా ఇచ్చింది. నేను వేళ్ళతో ‘కూతురు, ఇంత పొడుగు, పోయింది’ అని సైగ చేశాను. ఆవిడ రెండు చేతులూ కిందికి ఆనించి, ఇక్కడే ఉండు అన్నట్టు చెప్పింది. పిల్లలకి మనం చెప్పే మాటే కదా, తప్పిపోతే ఉన్నచోటే ఉండమని!

కూచున్నాను. చేతులు ఊరుకోవుగా. ఆవిడ పని చూస్తున్నాను. దబ్బనం కంటే పొడుగైన సన్నటి సూదికి కాస్త వేజలైన్ రాసి, మొగ్గల్ని చుట్టూ చక్రంలా గుచ్చి, తరవాత దారం మీదికి దించుతుంది. ముత్యాల గాజులా వస్తుంది దండ. నేను ఆవిడ్ని అడిగి కొంచెం దారం, గుప్పెడు మల్లెలు తీసుకున్నాను. సూది లేకుండా, వేళ్ళతోనే మన పద్ధతిలో ముడులేస్తూ మూరెడు మాల కట్టాను. ఆవిడ పని ఆపి చూసింది. పక్క కొట్టువాళ్ళని కూడా పిలిచింది! నేను మోచేతి దాకా పెట్టి మూర కొలిచి చూపించి, జడలో పెట్టుకుంటే అందరూ చప్పట్లు. అక్కడ దండలు దేవుడికీ, ఇంటి ముందు గూడుకీ, కారు అద్దానికీ వేస్తారే గానీ, జడలో పెట్టుకోవడం నాకెక్కడా కనబడలేదు.

అంతలో ఆవిడ కూతురొచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. దండల పెట్టెలు మోటారుసైకిలుకి కట్టుకుని, ఒక్కతే బయల్దేరింది. ఆవిడ లేచి వెనకాలే నాలుగడుగులు వేసి, తలకి పెట్టుకున్న హెల్మెట్ చేత్తో తట్టి చూసి, ఏదో అంది. ఆ పిల్ల విసుగ్గా ‘ఖా, ఖా’ అంది. ఆవిడ మళ్ళీ ఏదో అంది. బండి వెళ్ళిపోయింది. ఆవిడ సందు చివర దాకా చూసి, వచ్చి కూచుంది. సూది తీసుకుంది. కాసేపటికోసారి పక్కనున్న ఫోన్ తిప్పి చూసుకుంటోంది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నీ అర్థమయ్యాయి. ‘నిదానంగా వెళ్ళు, చేరాక ఫోన్ చెయ్యి’ అని ఉంటుంది. ఇంకేం చెబుతుంది తల్లి? అంటే ఆవిడకీ నాలాగే భయముంది. భయం లేక కాదు పంపింది. భయపడుతూనే పంపింది. ఆ సంగతి నాకు అంతదాకా తట్టనే లేదు, నలభై అయిదేళ్ళు వచ్చినా.

ముప్పావుగంటకి మా అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు చెదిరిపోయి, కళ్ళనిండా నీళ్ళతో. “ఎక్కడికెళ్ళిపోయావమ్మా ఈ రాత్రప్పుడు? ఏమైపోయావో అని...” అంటూ నా భుజాలు పట్టుకుని ఊపేసింది. అచ్చం నా మాటలే, నా గొంతే! నేను మాత్రం జడలో పూలు పెట్టుకుని నిమ్మళంగా కూచునున్నాను. ఆవిడకి డబ్బివ్వబోతే తీసుకోలేదు. చివరికి ఇరవై బాత్‌ల దండ ఒకటి కొని, దణ్ణం పెట్టి వచ్చేశాం. అప్పటికి మెట్రో ఆగిపోయింది. మా అమ్మాయి ఫోన్లో టాక్సీ పిలిచింది.

టాక్సీలో చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తరవాత నేనే అన్నాను, “ఆ రాత్రి ఉద్యోగం నేను చెయ్యనివ్వలేదు కదే. తప్పు చేశానేమో.”

అది కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఇప్పుడొస్తే నేనే చెయ్యనమ్మా, నిద్ర చాలదు” అని నవ్వింది. కాసేపాగి, “కానీ అప్పుడు వద్దనేది నేనై ఉంటే బావుండేది” అంది. అంతే. ఆ రాత్రి తెల్లవారుజాము దాకా ఆఫీసు కబుర్లన్నీ చెప్పింది. రెండేళ్ళ కబుర్లు.

బ్యాంకాక్ ఏదో స్వర్గమని నేననడం లేదు. ఆ సందులో పాదం ఒత్తుకున్న పిల్లని నేను మర్చిపోలేదు. అక్కడా దొంగలుంటారు, సంచీ ముందుకి వేసుకునే తిరిగాం. బస కార్డు, అక్కడి భాషలో అడ్రసున్నది, పర్సులో పెట్టుకోండి. ఇద్దరు వెళ్తే ఇద్దరి ఫోన్లకీ సిమ్ వేయించండి, నాలాగా పిసినారితనం చెయ్యకండి. కానీ ఒకటి తెలుసుకున్నాను. మనం భయపడాల్సింది చీకటిని చూసి కాదు, ఖాళీ వీధిని చూసి. దీపాలూ, మనుషులూ, పొయ్యి ముందు నలుగురు ఆడవాళ్ళూ, పన్నెండింటి దాకా నడిచే రైలూ ఉంటే రాత్రి కూడా పగల్లాంటిదే. ఆడవాళ్ళందర్నీ తొమ్మిదింటికి లోపలేసి తాళం వేస్తే మరి వీధి ఖాళీ కాక ఏమవుతుంది?

2025 జనవరిలో మా అమ్మాయి ఫోన్ చేసింది. “నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నామమ్మా, స్నేహితురాళ్ళం నలుగురం. వచ్చేసరికి పదకొండున్నరవుతుంది” అంది. రెండు నిమిషాల ముందే నేను గేటుకి తాళం వేసొచ్చాను. నోటిదాకా వచ్చింది ‘వద్దు’ అని. మింగేశాను. “నిదానంగా వెళ్ళు. చేరాక ఫోన్ చెయ్యి” అన్నాను. “ఖా, ఖా” అంది విసుగ్గా.

పన్నెండుకి పది నిమిషాలు తక్కువలో ఫోన్ వచ్చింది. అప్పటిదాకా నేను పడుకోలేదు లెండి. ఫోన్ పక్కన పెట్టుకుని, మర్నాటి పూజకి మల్లెల్లేక, ఉన్న చామంతులతోనే మాల కడుతూ కూచున్నాను.